శెట్టిగారి పెట్రోలు నాబు

ఎనభైల మొదట్లో పత్తి విత్తనాలు అమ్మే పని మీద కాకినాడ నుంచి నంద్యాల వెళ్లి, బట్టల కొట్టు సుబ్బయ్య శెట్టిగారింట్లో దిగాను. మోటారు సైకిలు ఎవరడిగినా ఆయన కాదనరు. నవ్వుతూ తాళం చెవి చేతిలో పెడతారు. ఇంత మంచి మనిషి మా వైపు ఒక్కడూ లేడే అనుకున్నాను.

ఒక పొద్దున పక్కింటి దేవదాసు మాస్టారు ఆళ్లగడ్డ వెళ్లాలని బండి తీసుకున్నారు. కాసేపటికే దాన్ని తోసుకుంటూ వీధి మలుపులో నాకు ఎదురయ్యారు. వంగి చూశాను. ట్యాంకు కింద నాబు రిజర్వులో కూడా లేదు, పూర్తిగా మూసి ఉంది. కార్బురేటరులో ఉన్న కాస్త పెట్రోలు అయిపోగానే బండి ఆగిపోయింది.

"మాస్టారూ, ఈ నాబు తిప్పితే చాలు!" అన్నాను, ఏదో కనిపెట్టినట్టు.

"తెలుసులేప్పా. శెట్టే మూసిచ్చినాడు. ఇయ్యను అనేకి ఆయప్పకు నోరు రాదు. నేను తిప్పుకోని పోతే, వద్దన్నా ఎత్తుకపోయినట్ల గాదా?"

మాస్టారు శెట్టిగారింటికొచ్చి "చెడిపోయినట్లుందన్నా" అని బండి అప్పగించారు. "అయ్యో, ఇప్పుడెట్ల పోతావప్పా?" అని శెట్టిగారు నిజంగానే బాధపడ్డారు.

మర్నాడు నాకే ఆళ్లగడ్డలో పనిపడింది. అడగ్గానే తాళం చెవి ఇచ్చి, "తొందరగా రాప్పా, కలిసి తిందాం" అన్నారు శెట్టిగారు. సరిగ్గా ఆ మలుపులోనే బండి ఆగింది. నా చెయ్యి నాబు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. దిగి, ఇంటి వైపు తోయడం మొదలుపెట్టాను.

ఎదురొచ్చిన మాస్టారు కిందికి వంగైనా చూడలేదు. "ఏందప్పా, చెడిపోయిందా?" అని, వెనక నుంచి ఒక చెయ్యి వేశారు.