తడి ఇసుకలో తీసిన లెక్క

ఈ సాయంత్రం ఈసా టౌన్ బడి నుంచి పాపను తీసుకొస్తుంటే, రిఫాలో మా వీధి మలుపు దగ్గర రోడ్డు తవ్వి, అల్యూమినియం కేబుల్ చుట్టిన చెక్క డ్రమ్ము నిలబెట్టి ఉంది. పాప విసుక్కుంటున్నా వినకుండా కారు ఆపి, ట్రెంచిలో పోసిన ఇసుక పొడిగా ఉందో లేదో చూశాను. ఈ అలవాటు ఎక్కడిదో, నాలాగే ఇంజనీరింగ్ చదివి గల్ఫ్ విమానమెక్కినవాళ్ల కోసం, పాప నిద్రపోయాక రాస్తున్నాను.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఒక కన్సల్టెన్సీలో చేరాను. కొత్తగా కడుతున్న విల్లాలకు భూమిలోంచి వెళ్లే కేబుల్ ఎంత కరెంటును ప్రమాదం లేకుండా మోయగలదో తేల్చి సంతకం పెట్టడం నా పని. అల్యూమినియం చవక, తేలిక, కానీ అదే మందం రాగి మోసినంత మోయదు. పైగా కేబుల్‌లో పుట్టిన వేడిని చుట్టూ ఉన్న మట్టి లాక్కోవాలి, లేకపోతే పై తొడుగు మాడిపోతుంది. మన ఊళ్లలో కరెంటు కోతల పుణ్యమా అని కేబుల్‌కు కాస్త విశ్రాంతి దొరికేది. ఇక్కడ వేసవిలో ఏసీలు రాత్రింబవళ్లు ఆగవు, తడి ఇసుకలా కాక, ఎండిన ఇసుక వేడిని బయటికి పోనివ్వదు.

ఒక సైటులో, ట్రెంచిలోని ఇసుక వేడిని ఎంత లాక్కుంటుందో చూసే పరీక్షలో ఫలితం ఎంతో బాగా వచ్చింది, ఒక్క కేబుల్ చాలన్నారు మా మేనేజరు. నాకెందుకో మనసొప్పక సైటుకు వెళ్లి ఇసుక పట్టి చూస్తే గుప్పెట్లో ముద్దయింది. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఫోర్‌మన్ నవ్వుతూ నిలబడ్డాడు.

"పరీక్షకు ముందుగాల ట్యాంకరుతోని నీళ్లు గొట్టిచ్చిన అక్కా. మనూర్ల మోటరు కాడ ఎర్తు గుంతల పోస్తరు గద, గట్లనే. రీడింగ్ మంచిగచ్చింది, ఇగ ఖలాస్!"

"మరి ఎండాకాలం ఎవరు పోస్తారన్నా?"

"నువ్వున్నవ్ గద, బిందె పట్టుకొని!"

పనివాళ్లంతా నవ్వారు, నాకూ నవ్వొచ్చింది, కానీ సంతకం పెట్టలేదు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఇళ్లు అప్పగించే గడువు దగ్గర పడింది, మేనేజరు ముఖం చిట్లించారు. అయినా ఆ ఇళ్లలో పడుకోబోయే పిల్లలే కళ్ల ముందు మెదిలారు. ఇసుక ఎండేదాకా ఆగి మళ్లీ పరీక్ష చేయిస్తే, కేబుల్ మోయగలిగిన కరెంటు బాగా పడిపోయింది. కాస్త ఎడంగా రెండో కేబుల్ వేయాల్సి వచ్చింది. ఫోర్‌మన్ కొన్నాళ్లు నా మీద గుర్రుగా ఉన్నాడు. తరువాతి సైటులో మాత్రం తనే ఫోన్ చేసి, "ఇసుక ఎండింది అక్కా, అచ్చి నీ కండ్లతోనే చూస్కో, మల్ల మమ్ముల తిట్టకు" అన్నాడు.

పాప పుట్టాక సైట్లు మానేశాను. ఇప్పుడు ఇంట్లోనే కూర్చుని, ఎవరో పంపిన అంకెలు కంప్యూటర్లో వేసి లెక్క సరిచూస్తాను. పరీక్ష చేసినప్పుడు ఇసుక తడిగా ఉందా, పొడిగా ఉందా అని అడిగితే, అంతా నిబంధనల ప్రకారమే అని ఒక ముక్క జవాబు వస్తుంది. నీళ్లు కొట్టించానని నవ్వుతూ చెప్పే మనిషి ఆ జవాబు వెనక ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే, తడా పొడా అన్నది అతనే రెండు మాటల్లో చెప్పేవాడు, నేను నిశ్చింతగా పడుకుందును.