చుట్టకుదురు మీద గేర్‌బాక్సు

మొన్న ముమ్మిడివరం దాటాక మా కారు టైరు పంచరైంది. రోడ్డు పక్కన టైర్ల షాపు దగ్గర ఆపి, అమ్మనీ నాన్ననీ దించి, నీడలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేయించి కూర్చోబెట్టాను. మా ఆయన కారు చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టారు. ఆయన బడిపంతులు, పక్కన నిలబడి తను జాగ్రత్తలు చెప్పకపోతే ప్రపంచంలో ఏ పనీ సవ్యంగా జరగదని ఆయన గట్టి నమ్మకం. షాపతను లోపలి నుంచి ఎర్రరంగు చక్రాల జాకీని గడగడా లాక్కొచ్చి కారు కిందికి తోసి, పిడి పట్టుకుని ఊపడం మొదలుపెట్టేసరికి పాత జాకీ నూనె, గ్రీజు, దుమ్ము కలిసిన వాసన గుప్పుమంది. పక్కన ఖాళీ స్థలంలో ఎవరో కొబ్బరికాయలు ఒలిచిన డొక్కలు ఎండబోసుకున్నారు, ఆ పీచు వాసనా వచ్చి దీంతో కలిసింది. ఆ రెండు వాసనలూ ఒకచోట చేరాయంటే నాకు అది మా షెడ్డే. నాన్న వైపు చూశాను. ఆయన కళ్లు అప్పటికే జాకీ చక్రాల మీద ఉన్నాయి.

నా చిన్నతనంలో కొత్తపేట దగ్గర రోడ్డు వారన నాన్నకు లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. షెడ్డంటే పెద్దగా ఊహించుకోకండి. తాటాకు కప్పు, మూడు వైపులా తడికలు, మట్టి నేల, వెనకాల పంటకాలువ, కాలువ దాటితే మా ఇల్లు. కాలువలకు నీళ్లు కట్టేసిన ఎండాకాలంలో ఆ నేల సిమెంటు చేసినంత గట్టిగా ఉండేది. కొబ్బరికాయల లోడుతో వచ్చిన డ్రైవర్లు మరమ్మతు అయ్యేదాకా గోనెల మీద కూర్చుని మేం తెచ్చిచ్చిన ముంజలు తింటూ ఊళ్ల కబుర్లు చెప్పేవారు, మేం ఆ ఖాళీ తాటిబుర్రలకు పుల్ల గుచ్చి బళ్లు చేసుకుని వాళ్ల కాళ్ల మధ్య నుంచి తోసుకుంటూ పోయేవాళ్లం. తొలకరి పడి కాలువలు నిండాయంటే అదే నేల నానిన అటుకుల్లా మెత్తబడేది. జాకీ కింద పలక వేసి, పలక కింద ఇంకో పలక వేసి ఎత్తబోతే, లారీ పైకి లేవాల్సింది పోయి జాకీయే కిందికి దిగిపోయేది.

అలాంటి నేల మీద బతికేవాళ్లం కనుక, కదలగలిగే ప్రతిదానికీ ఎండిన కొబ్బరి డొక్క అడ్డం పెట్టడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎద్దుబండి చక్రానికి డొక్క, గాలికి కొట్టుకునే తలుపుకు డొక్క, ఊగే మంచం కోడుకు డొక్క, ఆఖరికి కుట్టుమిషను జరక్కుండా కూడా డొక్కే. ఈ విద్యలో అమ్మను మించినవాళ్లు మా వీధిలో లేరు. ఇంట్లో ఏదైనా కాస్త కదిలిందంటే చాలు, అమ్మ చెయ్యి డొక్కల గంప వైపు వెళ్లేది.

గేర్‌బాక్సు అంటే లారీ ఇంజను వెనకాల ఉండే ఇనప పెట్టె, ఇద్దరు మగాళ్లు ఎత్తడానికే ఆయాసపడే బరువు. దాన్ని బిగించేటప్పుడు నాన్న లారీ కింద వెల్లకిలా పడుకుని, గుండెల మీద పెట్టుకుని పైకి నెట్టేవారు; అమ్మ తమ్ముడు సుబ్బయ్య మావయ్య పక్కనుంచి బోల్టు పట్టించేవాడు. అన్ని షెడ్లలోనూ పని అలాగే జరిగేది కనుక అందులో ప్రమాదముందని ఎవరూ అనుకునేవారు కాదు, అమ్మ తప్ప.

ఓ వానాకాలం సాయంత్రం ఆ గేర్‌బాక్సు జారి నాన్న పక్కటెముకల మీద పడనే పడింది. ఎముక విరగలేదు గానీ, నాన్న మావయ్య భుజం పట్టుకుని ఊపిరి ఆపుకుంటూ కాలువ వంతెన దాటి ఇంటికొచ్చారు. అమ్మ పొయ్యి రాజేసింది. ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టింది, పసుపు కలిపిన పాలు తాగించింది, మాకు అన్నాలు పెట్టింది, అన్నీ అయ్యాక నాన్న పక్కన కూర్చుంది.

“దసరా దాకా చూస్తానండి. దాన్ని గుండెల మీద పెట్టుకోకుండా పనిచేసే దారి దొరికితే సరే. లేకపోతే షెడ్డుకి తాళం వేసేసి మండపేట వెళ్లిపోదాం.”

మండపేటలో మా పెద్దమావయ్య ఓ రైస్ మిల్లులో ఉండేవారు, బావగారు ఎప్పుడొస్తే అప్పుడు గుమాస్తా కుర్చీ ఖాళీగా ఉంటుందని ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. ఆయనది మంచి మనసే. కానీ నాన్నను కుర్చీలో కూర్చున్న మనిషిగా ఊహించుకోవడం మా ఎవరి వల్లా కాలేదు. ఆయన అన్నం కూడా మడమల మీద కూర్చునే తినేవారు. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేటప్పుడు ఆయన ముఖంలో వచ్చే వెలుగు నాకు చాలా ఇష్టం, అది పోతుందేమోనని నాకు నిజంగానే భయం వేసింది.

నాన్న ఆ మర్నాటి నుంచే గేర్‌బాక్సును ఎత్తి మోసే చక్రాల జాకీ కట్టడం మొదలుపెట్టారు. మొదటిది చెక్క పీట మీద ఆయిల్ జాకీ నిలబెట్టి, కింద పాత బేరింగులు చక్రాలుగా వేసింది. షెడ్డు నేల మీద అది అడుగు కదలకుండానే కూరుకుపోయింది. దాన్ని మాకిచ్చేశారు, మేం దాని మీద కూర్చుని తారురోడ్డు మీద కర్రలతో తోసుకుంటూ, చెవులు దిమ్మెక్కే చప్పుడుతో కొన్నాళ్లు రాజ్యమేలాం. రెండోదానికి మండపేట మిల్లుల్లో పారేసిన వెడల్పాటి కప్పీలు తెచ్చి చక్రాలుగా వేశారు. అది దిగబడలేదు, నేరుగా పోయేది గానీ పక్కకు తిరగమంటే తిరిగేది కాదు, పెళ్లిచూపులకు రానన్న పెళ్లికొడుకులా బిగదీసుకు కూర్చునేది. ఇంకోదానిలో, లారీ కిందికి దూరేలా ఎత్తు తగ్గుతుందని ఆయిల్ జాకీని పడుకోబెట్టారు. పంపు కింది వైపుకు ఉంటేనే అది పడుకుని పనిచేస్తుందని తెలిసేసరికి మావయ్య చొక్కా నిండా నూనె. చివరికి ముందు రెండు వెడల్పు కప్పీలు, వెనక రెండు గిర్రున తిరిగే చిన్న చక్రాలు, మధ్యలో జాకీ నెట్టగానే ఏనుగు తొండంలా పైకి లేచే ఇనప చెయ్యి, ఇలా ఓ రూపం కుదిరింది.

ఒక్కటే చిక్కు. ఆ చేతి చివర పలక మీద గేర్‌బాక్సు నిలవడం లేదు, దాని అడుగు గుండ్రంగా ఉండటంతో దొర్లిపోయేది. ఓ మధ్యాహ్నం నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి, అమ్మ గంజి వార్చిన గుండను, అదే గుండ్రటి అడుగున్న అన్నం గిన్నెను, కొబ్బరితాడుతో గుండ్రంగా అల్లిన చుట్టకుదురు మీద పెట్టడం చూశారు. కాసేపటికి గుండ నేల మీద ఉంది, చుట్టకుదురు లేదు. అమ్మ గొణిగింది గానీ, సాయంత్రం తనే కూర్చుని ఇంకాస్త పెద్దది, మందంగా, పీచుతో బిగించి అల్లి షెడ్డుకు పంపింది. మండపేట వెళ్లిపోదామన్న మనిషే ఆ జాకీకి తలపాగా చుట్టింది.

ఆయుధపూజ ముందు రోజు ఓ లారీకి గేర్‌బాక్సు ఎక్కించాలి. అమ్మ క్యారియరు వంకతో షెడ్డుకు వచ్చింది, పక్కన నేను. మావయ్య పిడి ఊపుతున్నాడు, నాన్న లారీ పక్కన మడమల మీద కూర్చుని గేర్‌బాక్సును ఇంజను వైపు సరిచూస్తున్నారు. ఇద్దరి తలలూ పైకే ఉన్నాయి. అమ్మ మాత్రం కింద చక్రాలను చూస్తోంది. బరువు లేచేకొద్దీ జాకీ కొద్దికొద్దిగా ముందుకు పాకుతోంది. జారిపోతోందనుకుంది అమ్మ. గబగబా వంగి, మూల నుంచి రెండు డొక్కలు తీసి ముందు చక్రాలకు అడ్డం పెట్టేసి, తృప్తిగా చెయ్యి దులుపుకుంది.

ఆ చెయ్యి నిటారుగా లేచేది కాదు, వంపు తిరుగుతూ లేచేది. పైన గేర్‌బాక్సు ముక్కు ఇంజనులో చిక్కుకున్నాక, ఆ వంపుకు తగ్గట్టు కింద జాకీ నడవాలి. నడవనివ్వకపోయేసరికి చుట్టకుదురు బరువు కింద నుంచి వెనక్కి జరిగిపోయింది, గేర్‌బాక్సు ఒరిగి, దభీమని నేల మీద పడి సగం మట్టిలో దిగబడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న వంగి చూశారు, నలిగిన డొక్కలు ఆయనకు కనబడ్డాయి. ఓసారి అమ్మ వైపు చూసి, కాలితో వాటిని మెల్లగా గోనె కిందికి తోసేసి, నేల వాలుగా ఉంది సుబ్బయ్యా అన్నారు మావయ్యతో. మావయ్య సరేనని పలక తేవడానికి వెళ్లాడు. ఇక షెడ్డుకి తాళమే అనుకున్నాను నేను.

అమ్మ గేర్‌బాక్సు పడిన చోటే చూస్తోంది. నాన్న ఎప్పుడూ పడుకునే చోటు అది.

“ఇదివరకటిలా అయితే దాని కింద మీరుండేవారు కదండీ,” అంది. “మళ్లీ ఎత్తండి. ఇంకో నాలుగుసార్లు పడినా పర్వాలేదు.”

మళ్లీ ఎత్తారు. మళ్లీ పడలేదు. మర్నాడు ఆయుధపూజలో పానాలకూ సుత్తులకూ పెట్టినట్టే జాకీకీ పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, అమ్మ గారెలూ పులిహోరా షెడ్డుకే తెచ్చి అందరికీ ఆకుల్లో వడ్డించింది. మండపేట మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. ఆ గేర్‌బాక్సు సంగతి ఎప్పుడు వచ్చినా నాన్న నేల వాలు సంగతే చెప్పేవారు, అమ్మ అవునన్నట్టు ఆయ్ అనేది. అమ్మ ఈ మాట నమ్మేసిందనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

ఇప్పుడు ఆ షెడ్డు చోట సిమెంటు దుకాణాలు వచ్చాయి. తాటిబుర్రల బళ్లు తోసుకుంటూ పరిగెత్తే పిల్లలు కనబడటం లేదు, చుట్టకుదురు అల్లే చేతులూ తగ్గిపోయాయి, మా జాకీ పాత ఇనుములో కలిసిపోయింది. ఆ పనితో పాటు మనుషులు గుండెల మీద బరువు పెట్టుకునే పద్ధతీ చాలావరకు పోయింది, అందుకు మాత్రం నాకు సంతోషమే.

టైర్ల షాపతను ఊపుతున్నాడు, కారు లేస్తోంది. జాకీ ముందుకు పాకడం మా ఆయన కంట పడనే పడింది. చటుక్కున వెళ్లి ఓ కొబ్బరి డొక్క తెచ్చి చక్రం ముందు పెట్టారు. నేను నోరు తెరిచేలోగా కుర్చీలోంచి అమ్మ గొంతు వినబడింది.

“అల్లుడుగారండీ, ఆ డొక్క తీసెయ్యండి. దాన్ని కాస్త నడవనివ్వాలండి, లేకపోతే పైదాన్ని పడేస్తుంది.”

మా ఆయన తీసేశారు. నాన్న మెల్లగా అమ్మ వైపు తిరిగారు.

“నీకెప్పుడు తెలిసింది?”

“ఆవేళేనండి. మీరు కాలితో గోనె కిందికి తోసేరు కదా, చూసేను.”

నాన్న కాసేపు జాకీని చూశారు. ఆయన ముఖంలో ఇంజను జబ్బు చెప్పేటప్పటి ఆ పాత వెలుగే కనబడింది.

“నేల కూడా కాస్త వాలుగానే ఉండేదిలే,” అన్నారు.

“ఆయ్,” అంది అమ్మ.