పక్కన ఎవరూ లేరన్నారు

పెద్ద సిస్టర్ గారు పోయారని, మైలవరం నుంచి తిరిగొస్తూ బస్సులో ఉండగా ఫోన్ వచ్చింది. పక్కన ఎవరున్నారని అడిగాను. అందరూ భోజనాలు వడ్డిస్తున్నారట, గదిలో ఎవరూ లేరట. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. దిక్కులేని వాళ్ళందరికీ ఆఖరి ఘడియలో తోడు కూర్చున్న మనిషి, తను మాత్రం ఒంటరిగా పోవాలా?

ఆవిడ క్రైస్తవ సన్యాసిని. విజయవాడలో ఆవిడ నడిపిన ఆశ్రమంలో నేను నర్సుని. పటమటలో కొట్టు కొట్టుకీ తిరిగి కూరగాయలు అడుగుతుంటే మీలో కొందరు ఆవిడని చూసే ఉంటారు. స్టేషన్ బయట, గవర్నర్‌పేట లాడ్జీల మెట్ల మీద పడి ఉన్నవాళ్ళని ఆటోలో తెచ్చుకునేవారు. పుళ్ళు కడిగేవారు, గంజి తాగించేవారు. ఇక బతకరని తెలిస్తే చెయ్యి పట్టుకుని కూర్చునేవారు.

"పుట్టినప్పుడు ఎవరో ఒకరు పట్టుకునే ఉంటారు కదమ్మా. పోయేటప్పుడూ పట్టుకోవాలి," అనేవారు. మా ఇంట్లో పూజలే తప్ప ప్రార్థనలు తెలియవు. అయినా ఆ మాట నాకు బాగా ఎక్కింది.

ఎక్కనిది ఇంకొకటి ఉండేది. నేను నాడి చూడకముందే ఆవిడ గుమ్మం వైపు చూసి, "వచ్చారు," అనేవారు.

"ఎవరండీ?"

"ఈయన తాలూకు వాళ్ళు."

నేను గుమ్మం వైపు చూడకుండా నాడి వెతుక్కునేదాన్ని. ఆవిడ మాత్రం కాసేపటికి తాపీగా కాఫీ అడిగేవారు.

ఒకసారి ఒక ముసలాయన దగ్గర ఉన్నాం. గదిలో మేం ముగ్గురమే. "కాస్త జరుగు తల్లీ, దారికి అడ్డంగా నిలబడ్డావు," అన్నారు సిస్టర్ గారు. వెనక్కి చూస్తే ఎవరూ లేరు. అయినా జరిగాను. వచ్చిన దగ్గర్నుంచీ నోరు విప్పని ఆ ముసలాయన, నేను ఖాళీ చేసిన చోటు వైపు చూసి "ఇంతసేపా?" అన్నాడు, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కున్నట్టు. అదే ఆయన ఆఖరి మాట.

తర్వాత పక్షవాతం వచ్చి ఆవిడే మంచం పట్టారు. తనంతట తాను ఒత్తిగిలలేరు, మేమే తిప్పేవాళ్ళం. ఒకరోజు వీపుకి పౌడర్ రాస్తుంటే, ముద్దమాటలతో, "నాకెవరొస్తారమ్మా? నా వాళ్ళని చిన్నప్పుడే వదిలేసి వచ్చేశా," అన్నారు. ఆవిడ భయపడటం చూడటం అదే మొదటిసారి. "నేనుంటాను కదండీ," అన్నాను. ఆ మాట నిలబెట్టుకోలేకపోయాను. అమ్మకి జ్వరమంటే మైలవరం వెళ్ళాల్సి వచ్చింది.

నేను బస్సు దిగి ఆశ్రమానికి వెళ్ళేసరికి చిన్న సిస్టర్ ఒకావిడ గుమ్మం బయటే నిలబడి ఉంది.

"మీరొచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదండీ. ఒకసారి చూడండి."

పెద్ద సిస్టర్ గారు మంచం గోడవైపు అంచుకి జరిగి, వీపు గోడకి ఆనించి, ఇటు తిరిగి పడుకుని ఉన్నారు. మొహంలో భయం లేదు.

"ఎవరు జరిపారు?"

"ఎవరూ జరపలేదండీ. వడ్డనకి వెళ్ళేటప్పుడు మధ్యలోనే ఉన్నారు."

ఖాళీగా ఉన్న వైపు పరుపు అక్కడక్కడా నొక్కుకుపోయి ఉంది, చాలామంది ఇరుక్కుని కూర్చున్నట్టు. దుప్పటి సరిచేయబోయి ఆగిపోయాను. మేం చూస్తుండగానే ఆ గుంటలు ఒక్కొక్కటే, తొందరేమీ లేనట్టు, పైకి లేచాయి.