ముందు వరుస కుర్చీ

కంపెనీకి ఇచ్చిన ఆరు క్వింటాళ్ల పసుపు, క్వింటాలుకు ఏడు వేల చొప్పున నలభై రెండు వేలు. వాటా సొమ్ము పది వేలు. మొత్తం యాభై రెండు వేలు పోగొట్టుకున్నాను. రైతుకు మంచి ధర ఇవ్వాలని, లాభం ఎవరూ పంచుకోకూడదన్న షరతుతో పెట్టుకున్న కంపెనీ మాది. ఛైర్మన్ లాభం పంచుకోలేదు. తన జీతం, కారు కిరాయి, సొంత గోదాముకు అద్దె అంటూ అసలు లాభమే మిగలనివ్వలేదు, మా పసుపు డబ్బూ ఇవ్వలేదు.

వాటా వదులుకుంటే ముప్పై వేలిస్తానన్నాడు. సంతకం పెట్టడానికి మెట్‌పల్లి బస్సెక్కాను. పక్క సీటులోని పెద్దావిడ నా గోడంతా విని, తమ ఊరి పాల కంపెనీదీ ఇదే కథ అంది.

"సంతకం పెట్టినవా?"

"ఇంకా లే అక్కా. ఇప్పుడు పెడ్త."

"పిచ్చోడా! వాటా ఉంటెనే మీటింగుల కుర్చీ ఉంటది తమ్మీ. నేను ఏటా ముందట్నే కూసుంట. మా పాల పైసలేవి బిడ్డా అని మా ఛైర్మన్‌ను అందరి ముంగట అడుగుత. నన్ను సూస్తె వానికి చాయ్ గొంతు దిగది."

"మరి పైసలొచ్చినయా?"

"రాలే. వానికి నిద్ర గూడ రాలే," అని కిలకిలా నవ్వింది.

జగిత్యాలలోనే దిగి వెనక్కి వచ్చేశాను. అప్పటినుంచి సర్వసభ్య సమావేశంలో ముందు వరుస కుర్చీ నాది. నేను లేచి నిలబడగానే ఛైర్మన్ జేబులోంచి రుమాలు తీస్తాడు. మొన్న ఇంటికి మనిషిని పంపాడు.

"మొత్తం ఇస్తడట అన్నా. వాటా ఒక్కటి ఇడిసిపెట్టుమన్నడు."

అదొక్కటే కుదరదన్నాను. ఈ రోజుకీ నాకు రావలసింది యాభై రెండు వేలు.