ఎత్తని కాయలు

ఎనభైల్లో పర్చూరు దగ్గర మాకు రెండెకరాల మిరప ఉండేది. ఒక ఏడు కళ్లంలో కాయలు సగం ఎండాయో లేదో, మబ్బు కమ్మింది. మా ఆయన పెళ్లికని చీరాల వెళ్లాడు. పక్క కళ్లం మా బావగారిది. ఆయన కాయలన్నీ కుప్ప చేయించి పట్టాలు కప్పిస్తూ, "ఏం చూస్తున్నావమ్మాయ్? నువ్వూ ఎత్తించు!" అని కేకేశారు.

పిడికెడు కాయలు చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. గింజ గలగలమనలేదు. అంటే లోపలింకా పచ్చి. కుప్ప చేస్తే ఉడికి తెల్లబడతాయి, వదిలేస్తే తడుస్తాయి. వానొస్తుందో రాదో చెప్పడానికి నేనేమన్నా దేవుణ్ణా? కానీ తడిసిన కాయని మళ్లీ ఎండబెట్టుకోవచ్చు. తెల్లబడిన కాయకి ఎరుపు ఎక్కణ్ణుంచి తెస్తాను?

"నేను ఎత్తించనండీ" అన్నాను.

"మగాడు ఊళ్లో లేకపోతే ఇంతే!" అన్నారాయన, కూలోళ్లందరికీ వినపడేలా. నాకు ఒళ్లు మండింది.

వాన రానే వచ్చింది. గంటసేపు దంచింది. తెల్లారి ఎండ రాగానే చీర ఎగదోపి, కూలోళ్లతో పాటు కళ్లంలోకి దిగాను. సాయంత్రం దాకా కాళ్లతో కాయల్ని తిరగేస్తూనే ఉన్నాం. బావగారేమో మళ్లీ వానొస్తుందేమోనని మూడు రోజులు పట్టా తియ్యలేదు. తీసేసరికి కుప్ప పొగలు కక్కింది. లోపలి కాయలన్నీ పాలిపోయాయి. నా కళ్లం మాత్రం ఎర్రగా మెరిసింది.

మరుసటేడు మళ్లీ మబ్బు పట్టింది. బావగారు పట్టాలు ముట్టుకోకుండా నా దగ్గరకొచ్చి, "ఏమంటావమ్మాయ్?" అన్నారు.

ఆయన కళ్లంలో కాయ తీసి ఆడించాను. గలగలమంది.

"ఈసారి ఎత్తించండి" అన్నాను.