మా నాయన మాటకు బ్రాకెట్లు

నాకు కోపం తొందరగా వస్తుందని ఇంట్లో అందరూ అంటారు. రాదా మరి? కన్నతండ్రి మాటను వంకరగా నిలబెట్టి పక్కనే తప్పులు దిద్దితే ఎవరికి రాదు?

ధర్మవరంలో మా ఇంటి మిద్దె మీద కూర్చుని నేను ఈ-పుస్తకాలు తయారు చేస్తాను. ప్రతి పుస్తకానికీ రెండు ఫైళ్లుంటాయి. ఒకదాంట్లో రాత ఉంటుంది. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది ఫలానా రకం మాట అని అందులో గుర్తులు పెడతాను. రెండోది స్టైల్ షీట్. ఏ గుర్తున్నది ఏ రంగులో, ఏ సైజులో కనబడాలో అది చెబుతుంది. కింద నాయన మగ్గం మీద జాకార్డు అట్టలు మారిస్తే అదే పట్టులో వేరే పువ్వు పడుతుంది చూడండి, ఇదీ అంతే.

ఓ ప్రచురణకర్త నేతగాళ్ల జ్ఞాపకాలు పుస్తకంగా వేస్తానన్నాడు. నాయన చెప్పాడు, నేను టైపు చేశాను. మా మాటలకు ‘యాస’ అని గుర్తు పెట్టి, ఒక్కోదాని వెనక పుస్తకాల తెలుగు మాటను దాచాను. ఎవరైనా ‘ఎక్కడ’ అని వెతికితే నాయన అన్న ‘యాడ’ కూడా దొరకాలని. అది తెర మీద కనబడాల్సింది కాదు. స్టైల్ షీట్ మాత్రం వాళ్ల సంపాదకుడు రాశాడు.

విడుదలకు ముందు చూసుకోమని వాళ్లు పంపిన పుస్తకం ఫోన్లోకి వచ్చింది. నాయన బత్తలపల్లె నుంచి మా మేనత్తను పిలిపించుకుని, కళ్లజోడు తుడుచుకుని, ఆమె ముందర గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. రెండో వాక్యానికే ఆగిపోయాడు.

ఫోను లాక్కుని చూశాను. ‘మగ్గం గుంతలో కాళ్లు పెట్టినానంటే (పెట్టానంటే) ఆకలి యాడుండాదో (ఎక్కడుందో) తెలిసేదే కాదు.’ యాస గుర్తున్న ప్రతి మాటా బూడిద రంగులో, చిన్న అక్షరాల్లో, పక్కకు వాలిపోయి ఉంది. నేను దాచిన మాటలన్నీ బ్రాకెట్లెక్కి కూర్చున్నాయి.

“ఏమ్మా, నేను మాట్లాడతాంటే పక్కన ఎవడో నిలబడి దిద్దతాండాడే? నా మాట నాకు రాదా?” అన్నాడు నాయన.

“పోనీలే అన్నా, సదువుకున్నోళ్లు, వాళ్లకు తెల్సుంటాది” అంది మేనత్త.

“అట్లయితే వాళ్లవే ఏసుకోమను. నాది తీసేయమను” అని ఫోను బోర్లా పెట్టి మగ్గం గుంతలోకి దిగిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. సంపాదకుడికి ఫోన్ చేశాను.

“మీ సీమ మాటలు అందరికీ అర్థం కావద్దూ అమ్మా? స్టైల్ పుస్తకమంతటికీ ఒకటే. మార్చడం కుదరదు.”

“అందరికీ ఒకటేనా సార్?”

“ఒకటే.”

సరేనన్నాను. స్టైల్ షీట్‌ను వేలితో కూడా ముట్టుకోలేదు. పుస్తకానికి ఆయనే ముందుమాట రాశాడు. దాన్నిండా ఆయన ‘అక్కడ’లూ, ‘ఉంది’లూ, ‘డబ్బు’లూ. ప్రతి మాటకూ యాస అని గుర్తు పెట్టి, వెనక మా మాట చేర్చి పంపాను. ఏం, అది మాత్రం యాస కాదా? ఆకాశం నుంచి ఊడిపడిందా?

నేను టీ తాగేలోపే ఫోను మోగింది.

“ఏమిటమ్మా ఇది! ‘నేను అక్కడికి (ఆడికి) వెళ్లినప్పుడు (పోయినప్పుడు) వారి దగ్గర డబ్బు (దుడ్లు) లేదు’... నేనేదో తప్పు రాసినట్టు ఈ బ్రాకెట్లేమిటి? నా తెలుగు నాకు రాదా?”

“మా నాయన కూడా అదే అడిగినాడు సార్” అన్నాను.

సాయంత్రానికి కొత్త స్టైల్ షీట్ వచ్చింది. అందులో యాసకు రంగూ లేదు, వంకరా లేదు, బ్రాకెట్లూ లేవు.

నాయన గుంతలో కూర్చునే మళ్లీ మొదటినుంచి మేనత్తకు చదివి వినిపించాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఆ సంపాదకుడి ముందుమాటకు పెట్టిన యాస గుర్తులు మాత్రం నేను తీయలేదు. ఇప్పుడవి ఎవరికీ కనబడవు. దుడ్లు అని వెతికితే చాలు, ఆయన డబ్బు దొరుకుతుంది.