టాకీసు కాడ పిలిచిన పేరు

మా పాలమూరు పల్లెల్లో పెద్దవాళ్లు సినిమాను సినిమా అనరు, టాకీసంటారు. హాలూ టాకీసే, అందులో ఆడేదీ టాకీసే. తెర మీద బొమ్మలకు మాటలొచ్చిన కొత్తలో పుట్టిన పేరట అది. మూకీలు పోయి ఎన్ని తరాలైనా మా నోట్లోంచి ఆ పేరు పోలేదు. ముంబైలోని కామాటిపురకు కూలికి పోయిన మావాళ్లు దాన్ని వెంట తీసుకుపోయి ఇంకొంచెం పెద్దది చేశారు. అక్కడ టాకీసంటే ఆదివారం పొద్దుటి తెలుగు ఆట, ఆ ఆటకు వచ్చే మనవాళ్లందరూ కూడాను. మా అన్న కుర్మయ్య ఊరికి వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. "నా పత్తా దొరకకుంటే ఐతారం పొద్దున టాకీసు కాడికి రా. యాడున్నా ఆడికొస్త."

అన్నది సెంట్రింగ్ పని. ఏటా పీర్ల పండుగకు వచ్చేవాడు. నాలుగేళ్లుగా రాలేదు, ఫోనూ పలకదు. ఊళ్లో పీర్లు లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరు మా వదిన యాదమ్మ నుదుటి వైపు చూసేవారు. మొన్నటి పండుగ తెల్లారి ఆమె నా టైలరింగ్ దుకాణానికి వచ్చి నిలబడింది. "రాములూ, ఈ బొట్టు ఉంచుకోవాల్నా, తీసెయ్యాల్నా? ఎవలన్న ఒక్కమాట చెప్తే బాగుండు" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు. దుకాణానికి తాళం వేసి ఇద్దరికీ టికెట్లు తీశాను.

శనివారం మధ్యాహ్నం హైదరాబాదులో ఎక్కితే ఆదివారం తెల్లవారేసరికి ముంబైలో ఉంటాం. పొద్దుటి ఆట అందుతుందని నా ఆలోచన. స్లీపర్ పెట్టెలో సీటు దొరికినా పగలంతా ముగ్గురి సీట్లో ఐదుగురు కూర్చుంటారు, వెళ్లేవాళ్లు మనసు గట్టి చేసుకోవాలి. తాండూరు దాటాక వదిన జొన్నరొట్టెల మూట విప్పింది. ఎదురుగా ముంబై వర్లీలో ఒంటిగది ఇళ్ల చాల్‌లో ఉండే ఒకామె కూర్చుంది. పుట్టింటికి వచ్చి తిరిగి వెళ్తోందట. ఎక్కడికని అడిగితే చెప్పాం.

"టాకీసా? అది బంద్ పడి శానేండ్లాయె గదక్కా!" అందామె. "మా అత్త పెట్టెల ఇంక టాకీసు చీర అని ఒకటున్నది. ఐతారం కట్టనీకె వేరే తీసిపెడుతుండె. ఇప్పుడెవలు పోతరు, అందరు మొబైల్లనే సూస్తరు."

వదిన తుంచిన ముక్కను మళ్లీ మూటలో పెట్టేసింది. దిగి వెనక్కి పోదామా అన్నాను. "అయినా పోదాం" అంది.

దాదర్‌లో దిగి వంతెన దాటి, లోకల్ పట్టుకుని గ్రాంట్ రోడ్డుకు చేరాం. ఆదివారం కాబట్టి లోకల్లో నిలబడటానికి చోటుంది. స్టేషన్ బయట చాయ్, వడాపావ్ బాగానే ఉంటాయి. వదిన చాయ్ మాత్రం తాగింది. సానికొంపలకు పేరుపడ్డ పేట కదా, కామాటిపుర అనగానే టాక్సీవాడు ఆమె వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. చెంప పగలగొట్టాలనిపించింది గానీ ఊరు కాని ఊరు. నడిచే పోయాం. ఫోరస్ రోడ్డు దాటితే అంకెల గల్లీలు మొదలవుతాయి.

టాకీసు చుట్టూ రేకులు కట్టేశారు. లోపల పైకప్పు సగం లేదు. కానీ గేటు ముందు కాలిబాట మీద ఇస్త్రీ బట్టలు వేసుకున్న మగవాళ్లు, కొందరు ఆడవాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. ఆట లేని చోట ఆట వేళకు వచ్చి కూర్చున్నారు! వీళ్లకు పిచ్చేమో అనుకున్నాను. మరుక్షణమే నా గుండెలో ఆశ కూడా లేచింది.

గేటు పక్కన స్టూలు మీద ఉన్న ముసలాయన ఎల్లప్ప. వెనకట ఈ టాకీసులో గేట్‌కీపరు. మా సంగతి విని తల పంకించాడు.

"ఇంటర్వెల్ల లైట్లు ఏసినంక తెర ముంగట నిలబడి నేనే పేర్లు పిలుస్తుంటి, బిడ్డా. ఫలానోనికి కొడుకు పుట్టిండు, ఫలానోని అవ్వకు పానం బాగలేదు అని. పేరు పిలిస్తే లేసి నిలబడాలె, అదీ ఈడ కాయిదా. సగం ఆట ఇడిసిపెట్టి టేషన్‌కు ఉరికినోళ్లెందరో. ఇప్పటి పోరలకైతే తెలుగే సమజ్ గాదు. గీ ముసలి ముతక కోసం ఇంక పిలుస్తున్న. నీ కబురేంది?"

వదిన కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. దారంతా ఏమేం చెప్పాలనుకుందో నాకు తెలియదు. "యాదమ్మ వచ్చిందని చెప్పు తాతా. గంతే" అంది.

ఎల్లప్ప గేటు మెట్టెక్కి, చొక్కా సర్దుకుని, రోడ్డు మీది హారన్లను మించిన గొంతుతో పిలిచాడు. "మక్తల్ కుర్మయ్యా! సెంట్రింగ్ కుర్మయ్యా! నీ పెండ్లాం యాదమ్మ వచ్చింది! టాకీసు కాడ నిలవడ్డది!"

ఫోన్లు చూసుకుంటున్న కుర్రాళ్లు హిందీలో ఏదో అని నవ్వారు. ఎల్లప్ప మళ్లీ పిలిచాడు. నేను ఒక్కొక్క ముఖమే వెతుక్కుంటూ పోయాను. వరస చివర నీలం చొక్కా మనిషొకడు చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని లేచి, మాకు వీపు తిప్పి గల్లీలోకి పోతున్నాడు. "పప్పా, కుఠే?" అని, ఎక్కడికంటూ ఆ పిల్ల మరాఠీలో అడుగుతోంది. పిల్లకు ఆకలేమో అనుకుని మిగిలిన ముఖాల వైపు తిరిగాను. మా అన్న ముఖం ఎక్కడా లేదు.

"లేడు బిడ్డా" అన్నాడు ఎల్లప్ప, మా వైపు చూడకుండా.

మనవాళ్లుండే వర్లీకి పోయి వెతుకుదామన్నాను. వచ్చే ఆదివారం దాకా ఉందామన్నాను. వదిన దేనికీ ఒప్పుకోలేదు. "ఇంత దూరం వచ్చింది ఇందుకేనా?" అని నడిరోడ్డు మీద కసిరాను. ఆమె మూట చంకన పెట్టుకుని స్టేషన్ వైపు నడిచింది. రిజర్వేషన్ లేకపోయినా సాయంత్రం రైల్లో జనరల్ డబ్బా ఎక్కేశాం. తలుపు దగ్గర మూటల మీద చోటు దొరికింది.

కల్యాణ్ దాటాక వదిన నోరు విప్పింది. "నీలం అంగీ ఆయన్ను సూసినవా?"

"పిల్లను తీస్కపోయినాయననా?"

"మీ అన్ననే."

నేను దిగ్గున లేచాను, రైలు దిగగలనన్నట్టు. "మరి పిలవకపోతివేంది వదినా!"

"తాత పిలిచె గద. పేరిన్నడు. లేసిండు. లేసి అటు వోయిండు. ఇంకెట్ల పిలవాలె?"

చనిపోయాడని తెలిసుంటే ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్లం. దీనికి ఏడవడం కూడా చేతకాలేదు. ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. ఆదివారం పొద్దున పోతే మనవాళ్లు ఇప్పటికీ అక్కడే ఉంటారు, పేరు చెబితే పిలిచే ఎల్లప్పా ఉన్నాడు. వెతికే మనిషి కనబడడని మాత్రం భయపడకండి. నేను ఆ భయంతోనే పోయాను, అంతకంటే ఘోరమైనది చూసి వచ్చాను.

తెల్లవారి తాండూరు వస్తుండగా వదిన కుళాయి దగ్గర ముఖం కడుక్కుంది. పాత బొట్టు కొట్టుకుపోయింది. సంచిలోంచి కుంకుమ పొట్లం తీసి కాసేపు అలాగే పట్టుకుంది. ఊళ్లో అడిగితే ఏం చెప్పాలని అడిగాను.

"టాకీసు మూసిండ్రని చెప్పు" అంది. కిటికీ అద్దంలో చూసుకుంటూ బొట్టు పెట్టుకుంది. "ఉన్నడు గద, పెట్టుకోవాలె."